కక్షిదారుల వాదనే చట్టమైన వైనం

అమెరికాలో కేంద్ర ప్రభుత్వ భూమి మీద బంగారు గని నడిపే కంపెనీ, తీసిన బంగారం మీద కేంద్రానికి ఒక్క డాలరు కూడా రాయల్టీ కట్టదు. అదే ప్రభుత్వ భూమిలో బొగ్గు తవ్వితే కట్టాలి, చమురు తోడితే కట్టాలి. బంగారం, వెండి, రాగి, ఈమధ్య గిరాకీ పెరిగిన లిథియం, వీటికి మాత్రం 1872 మే 10న వచ్చిన చట్టమే ఇంకా నడుస్తోంది. నూట యాభై ఏళ్ళు దాటిన ఈ చట్టం ఎవరి బుర్రలోంచి వచ్చిందని వెతుక్కుంటూ పోతే చివరికి ఒక గనుల లాయరు దగ్గర తేలతాం. పేరు విలియం మారిస్ స్టీవార్ట్. నెవాడా రాష్ట్రం నుంచి వెళ్ళిన మొదటి ఇద్దరు సెనేటర్లలో ఒకడు.

అతని గురించి రెండు తీర్పులు చలామణిలో ఉన్నాయి. గనుల వ్యాపారం వైపువాళ్ళు అతన్ని గనుల చట్టానికి పితామహుడంటారు. పర్యావరణం వైపువాళ్ళు కంపెనీలకు అమ్ముడుపోయినవాడంటారు. రెండూ బద్ధకపు తీర్పులే అని నా అభిప్రాయం. అమ్ముడుపోవాలంటే ముందు వేరే అభిప్రాయం ఒకటి ఉండాలి కదా. స్టీవార్ట్‌కి అది లేదు. పదమూడేళ్ళు కోర్టుల్లో ఏ వాదన వినిపించాడో దాన్నే నమ్మాడు, సెనేట్‌కి వెళ్ళాక దాన్నే సెక్షన్లుగా రాశాడు. ఆ చట్టంలోని మంచి, చెడు రెండింటి మూలమూ అక్కడే ఉంది. కాబట్టి అతను సెనేట్‌లో ఏం మాట్లాడాడన్నది తర్వాత, నెవాడాలోని వెండి గనుల ఊరు వర్జీనియా సిటీ కోర్టులో ఎవరి తరఫున ఏం వాదించాడన్నది ముందు చూడాలి.

పుట్టింది 1827లో, న్యూయార్క్ రాష్ట్రంలో. పెరిగింది ఒహాయోలో. యేల్‌లో చేరి, చదువు మధ్యలోనే వదిలేసి 1850లో కాలిఫోర్నియా చేరాడు. నెవాడా సిటీ దగ్గర బంగారం తవ్వాడు, గనులకు నీళ్ళు తెచ్చే కాలువ పనీ చేశాడు. (పేరు చూసి పొరబడొద్దు, నెవాడా సిటీ కాలిఫోర్నియాలోని ఊరు.) 1852లో జాన్ మెకానెల్ అనే ప్లీడరు దగ్గర కొన్ని నెలలు పుస్తకాలు తిరగేశాడు. ఆ సంవత్సరమే సన్నదు వచ్చింది, ఆ సంవత్సరమే జిల్లా ప్రాసిక్యూటరు కుర్చీ కూడా. 1854లో కొన్నాళ్ళు కాలిఫోర్నియా అటార్నీ జనరల్ బాధ్యతలు చూశాడు. మరుసటి ఏడాది మిసిసిపీ మాజీ గవర్నరు హెన్రీ ఫుట్ కూతుర్ని పెళ్ళాడాడు. ఇంత వేగం చూసి అతను మహా మేధావి అనుకోనక్కర్లేదు. అప్పటి కాలిఫోర్నియాలో గనుల మీద చదవడానికి చట్టమంటూ ఏదీ లేదు, అందుకే చదువు తొందరగా అయిపోయింది.

ఇదేదో చమత్కారానికి అంటున్న మాట కాదు. 1848లో మెక్సికో నుంచి ఆ నేల అమెరికా చేతికొచ్చింది. దాదాపు అంతా కేంద్ర ప్రభుత్వ భూమి. అందులో బంగారం తవ్వుకోవచ్చనిగానీ వద్దనిగానీ కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చట్టం చెయ్యలేదు. 1866 దాకా అంతే. అంటే ఆ పద్దెనిమిదేళ్ళూ తవ్విన ప్రతివాడూ లెక్కప్రకారం ఆక్రమణదారే. ఇలాంటి చోట 'కర్ర ఉన్నవాడిదే బర్రె' కావాలి. చాలా చోట్ల అయింది కూడా. అయితే కొన్నాళ్ళకే తవ్వేవాళ్ళు ఒకచోట కూడి మైనింగ్ డిస్ట్రిక్టులని పెట్టుకుని నియమాలు రాసుకున్నారు: మనిషికి ఎన్ని అడుగులు, ఎన్నాళ్ళు పని ఆపితే హక్కు పోతుంది, రిజిస్టరు ఎవరి దగ్గర ఉంటుంది. 1851లో కాలిఫోర్నియా శాసనసభలో స్టీఫెన్ ఫీల్డ్ అనే మరో లాయరు, గనుల దావాల్లో ఆ డిస్ట్రిక్టు ఆచారాలను కోర్టులు సాక్ష్యంగా తీసుకోవాలని ఒక సెక్షన్ పెట్టించాడు. ఈ ఫీల్డే తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయ్యాడు. స్టీవార్ట్ వృత్తిలోకి అడుగుపెట్టేసరికి పరిస్థితి ఇది: పైన చట్టం లేదు, కింద ఆచారం ఉంది, ఆచారమేమిటో రుజువు చెయ్యగలిగిన లాయరుదే గెలుపు.

ఆ ఆచారాల్లో ఒకటి మొత్తం కథకు ఇరుసు. 1852 డిసెంబరులో నెవాడా కౌంటీ గనులవాళ్ళు చేసుకున్న నియమం ప్రకారం ఒక్కొక్కరికి ఖనిజ సిర (రాతిలో ఖనిజం నిండిన పట్టీ) మీద వంద అడుగులు, దాంతోపాటు ఆ సిర భూమిలో ఎటు వాలినా, ఎటు తిరిగినా అదంతా అతనిదే. నేలలో ఏటవాలుగా దిగేసిన పలక ఒకటి ఊహించుకోండి. పలక పై అంచు నా స్థలంలో ఉంది. కింది భాగం వాలుకుంటూ పక్కవాడి స్థలం అడుగుకి పోతుంది. ఈ నియమం కింద పలకంతా నాదే, పక్కవాడి ఇంటి కింద ఉన్న ముక్కతో సహా. సిర పై అంచుని ఏపెక్స్ అంటారు. అది ఎవరి హద్దులో ఉంటే వాడికే సిర వెంట కిందికి పోయే హక్కు.

మన దేశంలో గని లీజు హద్దులు నిట్టనిలువుగా భూగర్భంలోకి దిగుతాయి. పైన హద్దురాయి ఎక్కడుందో తేలితే కింద ఎవరిదన్నది తేలినట్టే. ఆ రాయి ఎక్కడుందన్న దాని మీదే బళ్ళారి, అనంతపురం సరిహద్దులో ఏళ్ళ తరబడి గొడవ నడిచిన సంగతి మనకు తెలుసు. ఏపెక్స్ పద్ధతిలో రాయి కచ్చితంగా తేలినా కింద ఎవరిదో తేలదు. భూమి లోపలి రాళ్ళ ఆకారం ఏమిటో జ్యూరీ ముందు రుజువు చెయ్యాలి. నేరుగా చూడాలంటే తవ్వాలి. తవ్వితే ఖనిజం బయటికి వచ్చేస్తుంది, ఈలోపు ఇంజంక్షన్ (పని ఆపమనే కోర్టు ఉత్తర్వు) కోసం అవతలివాడు కోర్టుకెక్కుతాడు. లాయర్లకు ఇంతకంటే మంచి పంట ఉండదు.

1859 వేసవిలో కామ్‌స్టాక్ బయటపడింది. సియెర్రా కొండలకు తూర్పున, అప్పటికి యూటా టెరిటరీలో (ఇంకా రాష్ట్రం కాని ప్రాంతం) భాగమైన ఎడారి గుట్ట అది. బంగారం కడిగేవాళ్ళు అడ్డుగా ఉందని విసుక్కుని పారేసిన నీలిరంగు మట్టిని పరీక్ష చేయిస్తే అది గొప్ప వెండి ఖనిజమని తేలింది. 1860లో స్టీవార్ట్ కాలిఫోర్నియాలో ప్రాక్టీసు వదిలేసి అక్కడికి వెళ్ళాడు.

అక్కడి రికార్డుల తీరు ఒకసారి దగ్గరగా చూడాలి. క్లెయిములు (ఫలానా చోటు మాదని తవ్వేవాళ్ళు వేసే హక్కులు) నమోదు చేసే రికార్డరు ఊరి కమ్మరి. రిజిస్టరు ఉండేది సారా కొట్టులో, బల్ల వెనక అలమారులో. ఎవరికి కావాలంటే వాళ్ళు తీసి చూడొచ్చు, చూసేవాడు పనిలో పనిగా తేదీ మార్చినా, అడుగులు దిద్దినా అడిగేవాడు లేడు. నోటీసుల్లో హద్దులు 'ఫలానా చెట్టు మొద్దు నుంచి దక్షిణంగా' అనే ధోరణిలో ఉండేవి. మొద్దు పొయ్యిలోకి పోయాక దక్షిణం ఎక్కడ మొదలవుతుంది? మనిషికి సిర మీద 300 అడుగులన్నది అక్కడి నియమం, కనిపెట్టినవాడికి అదనంగా మరో వాటా. గని వాటాల అమ్మకం కూడా అడుగుల్లోనే: 'నాకు ఓఫిర్‌లో పదడుగులుంది' అనేవారు, ఓఫిర్ అంటే అక్కడి ఒక గని కంపెనీ. లాయర్ల ఫీజులు కూడా ఒక్కోసారి అడుగుల్లోనే ముట్టేవి. లాయరు తన కక్షిదారుకి భాగస్వామి కావడం ఎక్కడ మొదలైందో ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

కామ్‌స్టాక్‌లో అసలు పేచీ ఒకటే సిరా, అనేక సిరలా అన్నది. పైపొరల్లో ఖనిజం పడమటికి వాలినట్టు కనిపించింది. ఇంకా దిగితే తూర్పుకి తిరిగింది. మధ్యలో బంకమట్టి పొరలు, వట్టి రాతి దిమ్మెలు అడ్డం వచ్చాయి. ముందుగా పాతుకున్న ఓఫిర్ లాంటి పెద్ద కంపెనీల మాట ఏమిటంటే, ఇదంతా ఒకే సిర, మధ్యలో రాతి దిమ్మెలున్నంత మాత్రాన వేరు కాదు, లోతుకి పోతే కలుస్తాయి, కాబట్టి అంతా మాదే. ఆలస్యంగా వచ్చి పక్కన క్లెయిములు వేసిన బర్నింగ్ మాస్కో లాంటి కంపెనీల మాట: బంకమట్టి గోడ ఉందంటే అది వేరే సిరే, దాన్ని కనిపెట్టింది మేము. స్టీవార్ట్ పెద్ద కంపెనీల లాయరు, ఒకే సిర వాదానికి గొంతు. మొదట్లో ఎదుటి పక్షానికి వాదించినవాడు డేవిడ్ టెర్రీ, కాలిఫోర్నియా సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి, 1859లో సెనేటరు బ్రోడెరిక్‌ని ద్వంద్వ యుద్ధంలో కాల్చి చంపినవాడు. ఆ కోర్టు వాతావరణం ఎలా ఉండేదో వేరే చెప్పనక్కర్లేదు.

భూగర్భ శాస్త్రం చివరికి స్టీవార్ట్ పక్షానే నిలిచింది. లోతుకి వెళ్ళేకొద్దీ అది ఒకే పెద్ద సిర అని తేలింది. అతని వీరాభిమానులు ఇక్కడితో ఆగిపోతారు. నన్నడిగితే అసలు సంగతి ఖర్చులో ఉంది. 1865 వరకు ఆ గుట్ట మీద వ్యాజ్యాలకు అయిన ఖర్చు సుమారు కోటి డాలర్లని అప్పటి అంచనా. అప్పటిదాకా తీసిన మొత్తం వెండి, బంగారం విలువలో అది దాదాపు అయిదో వంతు. చొల్లార్, పొటోసీ కంపెనీల మధ్య నడిచిన ఒక్క తగాదాయే లక్షలు మింగింది. ఓఫిర్ చివరికి బర్నింగ్ మాస్కోని కొనేసి పీడ వదిలించుకుంది. అన్నేళ్ళ సాక్షులు, సర్వేలు, నమూనాలు అయ్యాక తేలింది, డబ్బున్నవాడు డబ్బు లేనివాణ్ణి కొనుక్కోవచ్చని.

జడ్జీల మాట కూడా చెప్పాలి. 1864 నాటికి నెవాడా టెరిటరీకి ఉన్న ముగ్గురు జడ్జీలూ అమ్ముడుపోయారని స్టీవార్ట్ వర్గం ప్రచారం చేసింది. పత్రికల్లో సంతకాల ఉద్యమం నడిచింది. ఆ ఏడాది ఆగస్టు 22న ముగ్గురూ రాజీనామా చేశారు. వాళ్ళలో జాన్ నార్త్ అనే జడ్జి ఊరుకోలేదు, స్టీవార్ట్ మీద పరువునష్టం దావా వేశాడు. విచారించిన మధ్యవర్తులు ఆరోపణలకు ఆధారం లేదని తేల్చారు. కానీ అప్పటికే స్టీవార్ట్ సెనేటరు. తనకు ప్రతికూలమైన జడ్జిని తీర్పుతో కాకుండా ప్రచారంతో దించెయ్యడం అతని జీవితంలో అన్నిటికంటే పెద్ద మచ్చ అని నా లెక్క. లంచాల కథలకంటే ఇది స్పష్టమైనది, రుజువున్నది.

ఈ నార్తే అంతకుముందు ఏడాది నెవాడా రాజ్యాంగ సభకు అధ్యక్షుడు. అక్కడా ఇద్దరికీ పొసగలేదు. గనుల మీద కూడా మిగతా ఆస్తులలాగే పన్ను వెయ్యాలని సభలో ఎక్కువమంది పట్టుబట్టారు. వద్దని స్టీవార్ట్. అతని తర్కం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు: వంద అడుగుల లోతు షాఫ్టు దింపి ఇంకా ఏమీ దొరకని పేదవాడి గొయ్యికి ఏం విలువ కడతారు? దొరికిన ఖనిజంలో ఖర్చులు పోగా మిగిలిందాని మీద పన్ను వేస్తే సరిపోతుంది కదా? సభ వినలేదు. 1864 జనవరిలో ఆ రాజ్యాంగాన్ని జనం 8,851 ఓట్లతో తిప్పికొట్టారు, అనుకూలంగా పడ్డవి 2,157. అదే ఏడాది రెండో రాజ్యాంగం రాసినప్పుడు గనులకు నికర రాబడి మీదే పన్ను అని పెట్టారు, అది భారీ మెజారిటీతో గెలిచింది. అక్టోబరు 31న నెవాడా రాష్ట్రమైంది. పేదవాడి గొయ్యి కోసం చేసిన వాదన నుంచి అందరికంటే ఎక్కువ లాభపడింది పెద్ద కంపెనీలే. నేటికీ నెవాడా రాజ్యాంగం ప్రకారం ఆ నికర రాబడి పన్ను 5 శాతం దాటకూడదు.

1865 ఫిబ్రవరిలో స్టీవార్ట్ సెనేట్‌లో కూర్చున్నాడు. అప్పటికి అంతర్యుద్ధం అప్పు కొండలా పేరుకుంది. ఇండియానా ప్రతినిధి జార్జ్ జూలియన్, ప్రతినిధుల సభలో ప్రభుత్వ భూముల కమిటీకి అధ్యక్షుడు, ఖనిజ భూములన్నీ వేలం వేసి అమ్మేద్దామని బిల్లు పెట్టాడు. వేలం జరిగితే అక్కడ ఏళ్ళ తరబడి తవ్వుకుంటున్నవాళ్ళ గతేమిటి? తూర్పు రాష్ట్రాల డబ్బున్నవాళ్ళు పాడుకుంటారు, షాఫ్టు దింపినవాడు రోడ్డున పడతాడు. పడమటి ప్రాంతమంతా ఒక్కటైంది ఇందుకే, ఈ విషయంలో స్టీవార్ట్‌ది ముమ్మాటికీ న్యాయమైన పోరాటం.

అతను పోరాడిన తీరు మాత్రం అచ్చమైన ప్లీడరు తీరు. తన బిల్లు ప్రతినిధుల సభకు వెళ్తే జూలియన్ కమిటీలో పడి చస్తుందని తెలుసు. కాలువలవాళ్ళకు ప్రభుత్వ భూమిలో దారి హక్కు ఇచ్చే బిల్లు ఒకటి అప్పటికే ప్రతినిధుల సభ దాటి సెనేట్‌కి వచ్చి ఉంది. దాని తలకాయ ఉంచి, లోపలిదంతా తీసేసి, తన గనుల బిల్లుని అందులో కూర్చోబెట్టారు. పేరు మారలేదు. సవరణతో తిరిగొచ్చిన బిల్లు కాబట్టి అది కమిటీకి పోకుండా నేరుగా స్పీకరు బల్ల మీదికి వెళ్ళింది. 1866 జూలై 26న సంతకమైన ఆ చట్టం శీర్షిక చదివితే ఇప్పటికీ కాలువల దారుల గురించేనని అనిపిస్తుంది.

అందులో ఉన్నదేమిటి? ఖనిజ భూములు పౌరులందరికీ, పౌరసత్వం తీసుకుంటామని ప్రకటించినవాళ్ళకీ ఉచితంగా తెరిచి ఉంటాయి. డిస్ట్రిక్టుల్లో రాసుకున్న ఆచారాలు చెల్లుతాయి. వెయ్యి డాలర్ల పని చూపించి, నక్షా దాఖలు చేసి, 90 రోజులు నోటీసు అంటించి, ఎవరూ అడ్డు రాకపోతే ఎకరా అయిదు డాలర్లకు పట్టా. తగాదా వస్తే అధికారి తేల్చడు, స్థానిక కోర్టు తేలుస్తుంది. ఇంకా తొమ్మిదో సెక్షన్లో నీటి సంగతి: ఎవరు ముందు నీళ్ళు మళ్ళించుకున్నారో వాళ్ళ హక్కుని స్థానిక ఆచారం ప్రకారం కాపాడతాం అని. పడమటి రాష్ట్రాల నీటి చట్టానికి కేంద్రం వేసిన ముద్ర ఇదే. ఈ ఒక్క సెక్షన్ కోసమైనా స్టీవార్ట్‌ని చరిత్ర గుర్తుంచుకోవాలి.

పైన చెప్పిన ప్రతి అంశం పక్కనా అతని పాత కక్షిదారు ఒకడు నిలబడి ఉంటాడు. స్వాధీనమే హక్కు: కామ్‌స్టాక్‌లో ముందు పాతుకున్న కంపెనీ. స్థానిక కోర్టు: తను ఏలిన కోర్టు. సిర వెంట కిందికి ఎంత లోతైనా, పక్కవాడి భూమి అడుగుకైనా పోయే హక్కు: ఓఫిర్ వాదన యథాతథంగా. రాయల్టీ గురించి ఒక్క ముక్క లేదు, ఎందుకంటే ఆ కోర్టుల్లో ప్రభుత్వం తరఫున ఎవరూ ఎప్పుడూ నిలబడలేదు. ప్రభుత్వం అనే కక్షిదారు ఆ లాయరుకి ఎన్నడూ తగల్లేదు.

1870లో ఇసుక, గులకల్లో దొరికే బంగారాన్ని చేర్చారు, ఎకరా రెండున్నర డాలర్లకు. 1872లో అన్నీ కలిపి కొత్తగా రాశారు. ఈసారి బిల్లు తెచ్చింది ప్రతినిధుల సభలో ఆరన్ సార్జెంట్, సెనేట్‌లో నడిపించింది స్టీవార్ట్. సార్జెంట్ కూడా ఒకప్పుడు అదే నెవాడా సిటీలో ప్రాసిక్యూటరే. ఒక దేశపు గనుల చట్టమంతా ఒక చిన్న కొండ ఊరి బారు రూములోంచి వచ్చిందంటే అతిశయోక్తి కాదు.

1872 చట్టం ప్రకారం క్లెయిము ఎలా వెయ్యాలో చూస్తే ఎక్కడ బెడిసికొడుతుందో తెలుస్తుంది. ముందు రాతిలో ఖనిజం కనిపెట్టాలి. సిర పొడవునా 1,500 అడుగులు, సిరకి అటూ ఇటూ 300 చొప్పున 600 అడుగుల వెడల్పు. అంటే 20.66 ఎకరాలు. హద్దులు నేల మీద స్పష్టంగా ఆనవాలు పట్టేలా పాతాలి. ఏటా వంద డాలర్ల పని చెయ్యాలి. భాగస్వామి తన వంతు ఖర్చు పెట్టకపోతే అతనికి నోటీసిచ్చి, దొరక్కపోతే పత్రికలో 90 రోజులు వేయించి, అతని వాటా కలిపేసుకోవచ్చు. పట్టా కావాలంటే మొత్తం 500 డాలర్ల పని చూపించి, సర్వే చేయించి, నక్షా, నోటీసు స్థలంలో అంటించి, అంటించామని ఇద్దరి చేత అఫిడవిట్లు ఇప్పించాలి. ఆపైన దగ్గరలోని పత్రికలో 60 రోజుల ప్రకటన. అడ్డం చెప్పేవాడు ఆ 60 రోజుల్లోపే చెప్పాలి, చెప్పిన 30 రోజుల్లో దావా వెయ్యాలి. లేకపోతే నోరు మూసుకోవాలి.

సాదాసీదాగా కనిపించే ఈ కొలతల్లోనే ఉచ్చులున్నాయి. క్లెయిము వేసే రోజున సిర అడుగో రెండడుగులో బయటికి కనిపిస్తుంది. అది ఏ దిక్కుకి సాగుతోందో ఊహించి 1,500 అడుగుల గీత గియ్యాలి. ఊహ తప్పి సిర అడ్డంగా పోయిందనుకోండి, పక్క గీతలే చివరి గీతలవుతాయని 1878లో ఫ్లాగ్‌స్టాఫ్, టార్బెట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే 1,500 అడుగులు అనుకున్నది 600 అయింది. చివరి గీతలు రెండూ సమాంతరంగా ఉండాలి. ముందువాళ్ళ క్లెయిముల మధ్య ఇరికించి గుర్రపునాడా ఆకారంలో వేసినవాడికి సిర వెంట పోయే హక్కే లేదని 1886లో ఐరన్ సిల్వర్, ఎల్గిన్ కేసులో తీర్పు. సిర మధ్యలో విరిగి పక్కకి జరిగితే అవతలి ముక్క అదే సిరా కాదా? రెండు సిరలు లోతులో కలిస్తే? సున్నపురాతి మేట మొత్తం నిండా ఖనిజం చెదిరి ఉంటే అసలు అది సిరేనా? ఈ చివరి ప్రశ్న మీద 1877లో యురేకా, రిచ్‌మండ్ కంపెనీలు కొట్టుకుంటే, సర్క్యూట్ కోర్టులో కూర్చుని ఆ మేటంతా ఒకే సిర అని తేల్చింది ఇందాకటి ఫీల్డే. కొలరాడోలోని లెడ్‌విల్‌లో ఖనిజం పొరలుగా, దాదాపు చదునుగా పరుచుకుని ఉంటుంది. అక్కడ ఏపెక్స్ ఎక్కడని వెతుకుతారు? వంద డాలర్ల పనిదీ అదే తంతు. పని చెయ్యకుండానే చేశామని ప్రమాణం చేసేవాళ్ళు కొందరు, డిసెంబరు 31 అర్ధరాత్రి దాటగానే ఆ క్లెయిము మీద తమ నోటీసు పాతేసేవాళ్ళు ఇంకొందరు.

కామ్‌స్టాక్‌లో కోటి డాలర్లు కాలిపోవడం కళ్ళారా చూసినవాడు నిలువు హద్దులు పెట్టి ఉండాల్సింది. పెట్టలేదు. చాలా కంపెనీలు తర్వాత్తర్వాత తమలో తాము ఒప్పందాలు రాసుకుని నిలువు హద్దులకే వచ్చేశాయి. చట్టం చెయ్యని పనిని కక్షిదారులే చేసుకున్నారు. స్టీవార్ట్ మీద నా అసలు ఫిర్యాదు ఇదే, రాయల్టీ కాదు. 1866లో రాయల్టీ గురించి అతని తరంలో గట్టిగా అడిగినవాళ్ళే తక్కువ. ఏపెక్స్ వల్ల ఏమవుతుందో మాత్రం అతనికి తెలిసినంతగా దేశంలో ఇంకెవరికీ తెలియదు.

లాయరు, కక్షిదారు, చట్టసభ సభ్యుడు ఒకే ఒంట్లో ఉంటే ఏమవుతుందో యూటాలోని ఎమ్మా వెండి గని చూపించింది. 1871లో దాన్ని లండన్‌లో పది లక్షల పౌన్లకు కంపెనీగా పెట్టి షేర్లు అమ్మారు. యేల్ ప్రొఫెసరు సిల్లిమన్ గొప్పగా నివేదిక ఇచ్చాడు. బ్రిటన్‌లో అమెరికా రాయబారి షెంక్ డైరెక్టరు. సెనేటరు స్టీవార్ట్ కూడా బోర్డులో పేరిచ్చాడు, అంతకుముందు ఆ గని వ్యాజ్యాల్లో లాయరుగా ఉన్నవాడే. కొద్దికాలంలోనే ఖనిజం అయిపోయింది, ఇంగ్లండు మదుపరులు మునిగారు, 1876లో కాంగ్రెస్ విచారణ జరిపింది. అందులో సెనేటరుగా అతను నిషిద్ధమైన పని ఏదీ చెయ్యలేదు. నిషేధించే చట్టం చెయ్యాల్సినవాళ్ళలో అతనూ ఒకడు మరి.

ఇంతలోనే ఇంకో ముఖం. నల్లవారికి ఓటు హక్కునిచ్చిన 15వ రాజ్యాంగ సవరణను 1869లో సెనేట్‌లో నడిపించింది స్టీవార్టే. ఆస్తి, చదువు, పుట్టిన దేశం వంటి కారణాలతోనూ ఓటు నిరాకరించకూడదని కొందరు గట్టిగా కోరారు. ఉభయ సభల కమిటీలో అవన్నీ రాలిపోయి జాతి, రంగు, పూర్వపు బానిసత్వం మాత్రమే మిగిలాయి. గెలవగలిగినంత మేరకే వాదించే ప్లీడరు కలం అది. వదిలేసిన ఆ సందుల్లోంచే తర్వాత దక్షిణాది రాష్ట్రాలు ఓటు పన్ను, చదువు పరీక్ష దూర్చాయి. పుట్టిన దేశం మాట తీసెయ్యడం వల్ల చైనావాళ్ళకు ఓటు రాదని నెవాడాలో ధైర్యం చెప్పడానికి వీలైంది, నెవాడా అందరికంటే ముందు ఆమోదించింది.

మరుసటి ఏడాదే, 1870లో, చైనావాళ్ళ మీద మాత్రమే పడే పన్నులు చెల్లవంటూ, మనుషులందరికీ చట్టం ముందు సమాన రక్షణ ఉండాలంటూ సెక్షన్ రాసి పాస్ చేయించింది కూడా ఇతనే. ఆ వేసవిలోనే సెనేటరు చార్లెస్ సమ్నర్ పౌరసత్వ చట్టంలోంచి 'తెల్లవారు' అన్న మాట తీసేద్దామంటే, చైనావాళ్ళు పౌరులైపోతారని మండిపడి అడ్డుకున్నదీ ఇతనే. రక్షణ ఇస్తాం, ఓటు ఇవ్వం. ఆ మాట చట్టంలో ఉండిపోయింది. దాని ఆధారంగానే 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అనర్హులని సుప్రీంకోర్టు తేల్చింది, 1946 దాకా అదే పరిస్థితి. ఇవాళ అమెరికా పౌరసత్వ ప్రమాణం చేసే తెలుగువాళ్ళు స్టీవార్ట్ పేరు వినకపోయినా, 1870 జూలైలో అతను గెలిచిన ఆ చర్చకు వాళ్ళ ముందుతరం వలసదారులు మూల్యం చెల్లించారు.

1875లో సెనేట్ వదిలి మళ్ళీ ప్రాక్టీసు, మళ్ళీ గనులు. 1887లో తిరిగి సెనేట్‌కి వచ్చి 1905 దాకా ఉన్నాడు. ఈ రెండో విడత ఎక్కువ భాగం వెండి నాణేల ఉద్యమానికి పోయింది. వెండి డాలరుని తీసేసిన 1873 నాణేల చట్టానికి తానే ఓటేసి, తర్వాత దాన్ని మహాపాపమని ఊరూరా తిట్టాడు. నెవాడా వెండి ధర పడిపోతే సెనేటరు మనసు మారడంలో వింతేమీ లేదు, దాని మీద పేజీలు రాయడం దండగ.

నీటి సంగతి మాత్రం ఆగి చూడాల్సింది. 1888లో పడమటి ఎడారుల్లో ఎక్కడ జలాశయాలు కట్టవచ్చో సర్వే చెయ్యాలని పట్టుబట్టినవాళ్ళలో స్టీవార్ట్ ముందున్నాడు. పని కేంద్ర భూగర్భ సర్వే సంస్థ అధిపతి జాన్ వెస్లీ పావెల్‌కి అప్పగించారు. సర్వే పూర్తయ్యేదాకా ఆ భూములు ఎవరికీ ఇవ్వకూడదని తీర్మానంలోనే ఒక నిబంధన ఉంది. అది అమలు చేసేసరికి పడమట దాదాపు మొత్తం ప్రభుత్వ భూమికి తాళం పడింది. ముందు నీటి లెక్క తేలాలి, తర్వాతే జనం స్థిరపడాలి అన్నది పావెల్ మాట. ముందు ఎవడు వచ్చి పట్టుకుంటే వాడిది అన్న సూత్రం మీద జీవితమంతా నిలబడ్డ మనిషికి ఇది మింగుడుపడే సంగతా? 1890లో స్టీవార్ట్ దగ్గరుండి ఆ సర్వేకి డబ్బు ఆపించేశాడు. పావెల్‌తో వ్యక్తిగత వైరమని చాలామంది రాస్తారు. నాకైతే అది 1866 తొమ్మిదో సెక్షన్ రాసిన లాయరు తన సెక్షన్ని కాపాడుకోవడంలా కనిపిస్తుంది.

1905లో పదవి అయిపోయేసరికి వయసు 77. వాషింగ్టన్‌లో దర్జాగా కూర్చోవచ్చు. కూర్చోకుండా నెవాడా ఎడారిలో కొత్తగా బంగారం పడ్డ బుల్‌ఫ్రాగ్ అనే ఊరికి వెళ్ళి లాయరు ఆఫీసు తెరిచాడు. తను చేసిన చట్టం కింద తనే మళ్ళీ కేసులు పట్టాడు. 1909 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో చనిపోయాడు.

చట్టం మాత్రం బతికే ఉంది. 1920లో చమురు, ఫాస్ఫేటు వంటివాటిని ఈ చట్టం నుంచి తీసేసి లీజు, రాయల్టీ కిందికి తెచ్చారు. లోహాలను ముట్టుకోలేదు. 1994 మేలో నెవాడాలోని గోల్డ్‌స్ట్రైక్ గని కింద దాదాపు 1,950 ఎకరాలకు కంపెనీ పట్టా తీసుకుంది. ఎకరా అయిదు డాలర్లే కాబట్టి మొత్తం పదివేల డాలర్ల లోపే కట్టింది. అడుగున ఉన్న బంగారం విలువ వెయ్యి కోట్ల డాలర్లని అప్పటి అంచనా. సంతకం పెట్టక తప్పని మంత్రి బ్రూస్ బాబిట్ అది దోపిడీ అని బహిరంగంగానే అన్నాడు. ఆ అక్టోబరు నుంచి కొత్త పట్టా దరఖాస్తులు తీసుకోకుండా ఏటా బడ్జెట్ చట్టంలో ఒక నిబంధన పెడుతూ వస్తున్నారు. ఏటా వంద డాలర్ల పని స్థానంలో రుసుము వచ్చింది, ఇప్పుడది క్లెయిముకి 200 డాలర్లు.

2007లో ప్రతినిధుల సభ ఏకంగా రాయల్టీ బిల్లే పాస్ చేసింది: కొత్త గనులకు 8 శాతం, ఉన్నవాటికి 4 శాతం. సెనేట్‌లో అది ముందుకు కదల్లేదు. అప్పుడు సెనేట్‌లో మెజారిటీ నాయకుడు నెవాడా సెనేటరు హ్యారీ రీడ్. సెర్చ్‌లైట్ అనే గని ఊళ్ళో గని కార్మికుడి కొడుకు, వృత్తిరీత్యా లాయరు.